సోములు పట్టుకెళ్లిన మాట

పనసగుడలో ఏ మాట తెగాలన్నా రాతి మీద ఉమ్మి ఆరాలి.

ఊరి నడుమ గుండ్రంగా పెద్దల రాళ్లు ఉంటాయి. ఇంట్లో పెద్దవాడు పోతే గేదెను కోసి, ఊరంతా తిని, వాడి పేర ఒక రాయి తెచ్చి అక్కడ పరుస్తారు. బతికున్నవాళ్లు ఆ రాళ్ల మీదే కూర్చుని ఊరి సంగతులు మాట్లాడుకుంటారు. పోయినవాళ్ల ఒళ్లో కూర్చున్నట్టన్నమాట. తూర్పువైపు మాత్రం రెండు రాళ్ల మధ్య మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. అక్కడ గడ్డి పరక కూడా ఉండదు. కనక రోజూ పొద్దున్నే ఊడుస్తుంది. ఆ చోటు ఆమె మొగుడిది. మొగుడు పోయాడని ఎవరూ అనలేదు. అందుకని రాయి వేయలేదు. వచ్చాడని కూడా ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం ఊరి పెద్ద పోలయ్య ఆ ఖాళీలో అడ్డాకు దొప్ప పెట్టి జీలుగు కల్లు పోశాడు. పోలయ్య కనకకు మరిది, ఆ వెళ్లిపోయినవాడికి తమ్ముడు. దొప్ప పక్క రాతి మీద ఉమ్మేసి, ఖాళీ వైపు తిరిగి, మనిషి ఉన్నట్టే మాట్లాడాడు.

"అన్నా, మన కొండూళ్ల సిస్తు వసూలుసేసీ ముఠాదారు పోనాడు. ముఠాలు తీసేసినారు. ఇప్పుడు పంచాయితీ అంట. మన తరపున ఒక మనిసి నిలబడాలంట. ఎల్లుండి సందేళ దాకానే పేర్లు రాసుకుంతారు. మనోళ్లెవురూ నిలబడకపోతే అప్పన్న సావుకారు తన పాలేరుని నిలబెడతన్నాడు. సర్వే ఆల్లు ఎనకాలే వస్తన్నారు. ఊట కింద మళ్లు ఎవురివీ అని సర్పంచినే అడుగుతారంట. పాలేరు ఏటి సెప్తాడు? సావుకారు సెప్పమందే సెప్తాడు. నీకు అడ్డు లేదంటే ఇంకో మనిసిని పంపుతాం."

అందరూ ఉమ్మి వైపు చూస్తూ కూర్చున్నారు. ఆరిపోతే సరేనన్నట్టు. ఆరేలోగా కోడి అరిచినా, కుక్క ఏడ్చినా, దొప్ప ఒరిగినా కాదన్నట్టు. ఇన్నేళ్లూ ఏ పెళ్లయినా, ఏ తగువైనా అలాగే తెగింది.

కోడి అరవలేదు. కుక్క ఏడవలేదు. కొండ మీంచి మంచు దిగింది. ఎండాకాలం చివర అంత మంచు ఎవరూ చూసి ఎరగరు. తడిబట్ట పరుచుకున్నట్టు రాళ్ల మీద పరుచుకుంది. ఉమ్మి ఆరలేదు సరికదా, చుట్టూ రాయంతా చెమర్చింది. మనుషుల జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. చంటిపిల్లలు కూడా ఏడుపు మాని చూస్తున్నారు.

"ఆరదు," అంది యర్రమ్మ. ఊళ్లో అందరికన్నా పెద్దది, నోరు కూడా పెద్దదే. "ఆడొప్పుకోడు. ఎలా ఒప్పుకుంతాడు? మన మాటంతా ఆడి బుర్రలో ఉంటే, ఇంకోడికి ఏటి ఇచ్చి పంపుతావు? నీ మొలతాడా?"



పనసగుడలో ఊరి తరపున మనిషిని పంపాలంటే ఒక పద్ధతి ఉంది. ఇంటికొక చింతపిక్క. ఇంటి పెద్ద దాన్ని నోట్లో పెట్టుకుని, చెప్పాల్సింది మనసులో చెప్పుకుని, ఎండిన ఆనపకాయ బుర్రలో వేస్తాడు. ఆ బుర్ర పట్టుకుని వెళ్లినవాడి నోరే ఊరి నోరు. వాడు తిరిగొచ్చి ఎవరి పిక్క వాళ్లకిచ్చేస్తే మాట తిరిగొచ్చినట్టు. తెల్లదొరల కాలంలో కొత్త చట్టం వస్తోందని, మద్రాసు సభలో కొండవాళ్లకు కూడా కుర్చీ వేస్తారేమో అడుగుతారని కబురొస్తే కనక మొగుడు సోములు అలా బుర్ర పట్టుకునే కొండ దిగాడు. బుర్ర తిరిగి రాలేదు. ఊరి మాట ఇంకా వాడి దగ్గరే ఉంది.

పోలయ్య లేచి కనక దగ్గరకు వచ్చాడు. ఆమె రాళ్లకు దూరంగా, తన గుమ్మంలో అడ్డాకులు కుడుతోంది. ఆకు మీద ఆకు వేసి, వెదురు పుల్లతో గుచ్చి, విరిచి, మళ్లీ గుచ్చి. తల ఎత్తలేదు.

"ఒదినా, ఇనలేదేటి?"

"ఇన్నాను."

"అన్న పోనాడని ఒక్కసారి అనీ. నువ్వంటేనే అది సెల్లుతాది. రాయేసేత్తాం. రాయేత్తే ఆడు పట్టుకెల్లిన మాట తీరిపోనట్టే. కొత్త పిక్కలు కడతాం."

వెదురు పుల్ల ఆగింది. కనక దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని, కుట్టిన ఆకును వెలుగు మీదికి ఎత్తి చూసింది. చిల్లు ఉంటే వెలుగు కనబడుతుంది. కనబడలేదు.

"నువ్వు సూసినావేటి, మరిదీ? పీనుగని?"

"లేదు."

"మరి నానెలా సెప్పను? సూడని సావు నోటితో అంటే ఆడు రేపు గుమ్మంలోకొచ్చి, 'నన్ను సంపేసినావా, గుంటా?' అంటే నానేటి సెప్పుకుంతాను?"

"ముప్పై ఏళ్లు దాటింది, ఒదినా. ఇంకెప్పుడొత్తాడు?"

"ముప్పై ఏళ్లు సూసినోళ్లం. ఇంకొక్క రోజు సూడలేమేటి?" పుల్ల విరిచింది. "ఆ పేర్లు రాసుకునే ఆపీసరు ఎక్కడ కూకుంతాడు?"

"కింద పాత బంగళాలో."

"ఆడు ఎల్లింది ఆ బంగళాకే కదా? రేపు నానొస్తాను. ఆ కుర్సీలో కూకున్నోడినే అడుగుతాను. పిలిసిన మీరు పంపేసినారా, లేదా అని."

తెల్లారేసరికి మంచు ఇంకా దిగే ఉంది. వదినా మరిదీ ఏనుగురాయి దారిన దిగారు. కనక భుజాన చోడి అంబలి బుర్ర, చేతిలో కర్ర. ముందు పోలయ్య, వెనక ఆమె. మలుపు తిరిగినప్పుడల్లా పోలయ్య కనబడేవాడు కాదు, వాడి దగ్గు మాత్రం వినబడేది. ఒకచోట దగ్గు రెండువైపుల నుంచి వినబడింది. కనక ఆగింది.

"మరిదీ, నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే, నీ ముందే." గొంతు నిజంగానే ముందు నుంచే వచ్చింది. "ఏటి?"

"ఏటీ లేదు. నడు."

కాస్త కిందికి వచ్చాక పోలయ్య తనంతట తనే అన్నాడు. "ఆయేడు నానొచ్చి అడిగినాను, ఒదినా. గేటు కాడ జవాను, 'అందరూ మద్రాసు ఎల్లిపోనారు' అన్నాడు. అందరిలో ఆడూ ఉంటాడనుకున్నాను. గుంటడిని. రైలు ఎలాగుంటాదో ఆడొచ్చి సెప్తాడని ఎదురు సూసినాను."

"ఎదురు సూడ్డం తప్పేటి కాదు," అంది కనక.

బంగళా రేకుల కప్పు నిండా నాచు. వరండాలో బల్ల వేసి ఆఫీసరు కూర్చున్నాడు, మెడకు మఫ్లరు చుట్టుకుని. మెట్ల కింద అప్పన్న షావుకారు గొడుగు మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కన అతని పాలేరు, మడతలు కూడా విప్పుకోని కొత్త తెల్ల చొక్కాలో, చెట్టుకు కట్టిన దిష్టిబొమ్మలా. వాడి పేరూ సోములే. కొండ మీద సోమవారం పుట్టినవాళ్లంతా సోములే, ఏం చేస్తాం.

"ఏం పోలయ్యా," అన్నాడు అప్పన్న నవ్వుతూ, "మీ ఊరి మనిషి మద్రాసు నుంచి ఇంకా బయల్దేరలేదా? టెలిగ్రాం ఇయ్యమంటావా?"

"మీ సొక్కా బాగుంది, సావుకారూ," అన్నాడు పోలయ్య. "లోపల మనిసి కూడా ఉన్నాడేటి?"

అప్పన్న నవ్వు తగ్గించి, పాలేరు చేతిలో మరమరాల పొట్లం పెట్టాడు. "తినరా. పిలిచినప్పుడు గట్టిగా పలుకు." ఆకలి మీద ఉన్నాడేమో, వాడు నోరంతా నింపేసుకున్నాడు.

ఆఫీసరు కాగితం తిప్పి బంట్రోతు వైపు తల ఊపాడు. బంట్రోతు వరండా అంచుకు వచ్చి, చేయి నోటికి అడ్డం పెట్టి కేక వేశాడు.

"పనసగుడ పంచాయతీ… సోములు! సోములూ!"

"ఆఁయ్."

పలికింది బంగళా వెనక నుంచి.

అందరూ పాలేరు వైపు చూశారు. వాడు మెట్ల పక్కనే ఉన్నాడు. బుగ్గలు ఉబ్బి, నోటి నిండా మరమరాలు, కళ్లు పెద్దవి చేసుకుని తన వెనక్కి తనే చూసుకుంటున్నాడు. ఆఫీసరు తల ఎత్తకుండానే, "పలికాడుగా, రమ్మను" అన్నాడు.

కనక చేతిలో కర్ర జారి మెట్టు మీద పడింది. అంత పొట్టి పలుకు, చివర పైకి లేచే పలుకు. ఊట కింద మడిలో వంగి ఉన్నవాణ్ణి గట్టు మీంచి అంబలికి పిలిస్తే, నడుం ఎత్తకుండానే పలికే పలుకు. దాన్ని ఆమె ఒక్క పంటకారే విన్నది. పెళ్లయిన ఏడే వాడు కొండ దిగాడు. ఒక్క కారు చాలదా ఏంటి, ఒక గొంతు గుర్తుండటానికి?

ఆమె కర్ర తీసుకోలేదు. వరండా చుట్టూ తిరిగి వెనక్కి నడిచింది. పోలయ్య వెనకాలే వెళ్లాడు.

బంగళా వెనక పాత రాతిగోడ. గోడను ఆనుకుని ఒక చింతచెట్టు. దగ్గరికి వెళితే అది ఒక చెట్టు కాదు. ఒకే గుప్పెడు నేలలోంచి లెక్కలేనన్ని మానులు లేచి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, బెరడులు కలిసిపోయి, జనం గుంపుగా నిలబడి భుజాలు రాసుకుంటున్నట్టు ఉన్నాయి. చింతమొక్కను ఎవరూ అలా నాటరు. కింద కాయలు కాయలుగా రాలి ఉన్నాయి. ఎవరూ ఏరినట్టు లేదు.

గోడ చాటు నుంచి ఒక ముసలాయన లాంతరు తుడుస్తూ వచ్చాడు. మెడలో నల్లదారానికి చిన్న సిలువ.

"ఆ సెట్టు కిందకి ఎల్లకమ్మా. ఈ బంగళాలో ఎవుర్ని పిలిసినా ఆ పక్కనుంచి పలుకుతాది. అందుకే ఆపీసర్లు రాత్రుండరు. నాను వాచరుని, బర్నబా నా పేరు. నాకలవాటైపోనాది."

"ఎవురు పలుకుతారు, తాతా?" అంది కనక.

బర్నబా వాళ్ల బట్టలు చూశాడు, కనక మెడలో ఇత్తడి కంటె చూశాడు. లాంతరు గోడ మీద పెట్టేశాడు.

"ఏ ఊరు మీది?"

"పనసగుడ."

"ఆ ఊరేనేటి!" అని నేల మీద కూలబడ్డాడు. "ఊరి పేరు సెప్పలేదమ్మా, ఆడు. ఎన్నిసార్లు అడిగినా, 'లోపలికి పిలిస్తే సెప్తాను' అనీవోడు. తెల్లదొరలు ఎంక్వయిరీకొచ్చినప్పుడు. కొత్త చట్టంలో కొండోళ్లకి ఓటియ్యాలా అక్కర్లేదా అని. లోపల ప్లీడర్లూ, జమీందార్ల మనుసులూ, మీ ముఠాదారూ. కొండోళ్లని ఈ గోడ కాడ కూకోబెట్టినారు, పిలుస్తామని. ముఠాదారు లోపలే సెప్పేసినాడు, 'ఆల్లకి ఓట్లెందుకు దొరా, ఆల్ల మాట నాను సెప్తాను కదా' అని. దొరలు రాసేసుకున్నారు. కార్లెక్కేసినారు. మిగతా కొండోళ్లు ఎల్లిపోనారు. ఆడెల్లలేదు."

"ఎందుకెల్లలేదు?" అన్నాడు పోలయ్య.

"'నన్నింకా పిలవలేదు' అన్నాడు. నాను అప్పుడే కొత్తగా పన్లో సేరినాను. 'అయిపోనాది, ఎల్లిపోరా' అన్నాను. 'మా ఊరి మాట ఇక్కడుంది, సెప్పకుండా ఎలా ఎల్తాను?' అని బుర్ర సూపించినాడు. వానపడింది. మన్నెం జొరం వచ్చింది. వణుకుతూ కూడా గోడకి ఆనుకుని నిటారుగా కూకునీవోడు, పిలిస్తే బేగి లేవాలని. ఒకనాటి పొద్దున సూస్తే అలాగే కూకుని ఉన్నాడు."

మంచులోంచి కాయ ఒకటి రాలింది. ఎండాకు మీద పడి దొర్లి ఆగింది.

"బుర్ర?" అంది కనక.

"ఆడి సేతి ఏళ్లు ఇడిపించలేకపోనాం, తల్లీ. ఒళ్లో బుర్రతోనే కప్పెట్టేసినాం. అక్కడే." చెట్టు మొదలు చూపించాడు. "మరుసటి వానలకి ఇవి మొలిసినాయి. అన్నీ ఒక్కసారే."

పోలయ్య రెండు చేతులతో తల పట్టుకుని గోడ కింద కూర్చుండిపోయాడు. కనక మాత్రం చెట్టు దగ్గరకు వెళ్లింది. మానుల మధ్య చేయి దూర్చి చూసింది. లోపల వెచ్చగా ఉంది. ఒక్కో మానునూ తడిమింది, చీకట్లో మనుషుల్ని తడిమి ఎవరో పోల్చుకున్నట్టు. ఇది యర్రమ్మ ఇంటిది కావచ్చు. ఇది మామది కావచ్చు. ఇదిగో, ఈ సన్నది, తన ఇంటిది కావచ్చు.

పనసగుడ ఆడది మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. ఒక్క కారు కాపురంలోనూ, ఆ తర్వాత ఇన్నేళ్లలోనూ కనక నోట ఆ పేరు రాలేదు. ఊళ్లో ఇంకో సోములును పిలవాలన్నా, "ఒరే అబ్బీ" అనేది. ఇప్పుడు మానుకు నుదురు ఆనించి, నోరు తెరిచింది.  

"సోములూ."

ఆకు కదలలేదు.

"సోములూ. ఆల్లు ఎల్లిపోనారు. నిన్ను పిలిసీది నానే. ఇంక లే, ఇంటికి పోదాం."

చెట్టు లోపల ఎక్కడో పొడిగా చిటుక్కుమంది, చాలాసేపు కూర్చున్నవాడు లేస్తే మోకాలు చిటుక్కుమన్నట్టు. అంతే. పలుకు లేదు.

అప్పుడే వరండా మీంచి బంట్రోతు విసుగ్గా మళ్లీ కేకేశాడు. "సోములూ! ఎక్కడ చచ్చావురా?"

బర్నబా గబుక్కున సిలువ పట్టుకుని చెట్టు వైపు చూశాడు. పోలయ్య చూశాడు. చెట్టు పలకలేదు. ముందువైపు నుంచి, మరమరాలు మింగిన పాలేరు గొంతు, "ఉన్నానండి" అంది.

బర్నబా సిలువ వదిలేశాడు. "పలకలేదు," అన్నాడు. "నానీ బంగళాలో ముసలోణ్ణైపోనాను. పలకకపోవడం ఇదే మొదలు."

కనక కొంగు చివరతో ముఖం తుడుచుకుంది. కింద కూర్చుని, రాలిన కాయలు ఏరి, ఒడిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"మరిదీ."

"ఊఁ."

"మీ అన్న పోనాడు," అంది.

మర్నాడు పొద్దున్నే పోలయ్య గెడ్డ వాగులోంచి రాయి మోసుకొచ్చాడు. గేదెను పంటలొచ్చాక కోద్దాం, ముందు రాయి, అన్నారు పెద్దలు. కనక ఆఖరుసారి ఆ ఖాళీ ఊడ్చింది. రాయి పరిచారు. ఆమె మెడలో కంటె తీసి దాని కింద పెట్టింది. ఏడుపు పెద్దగా లేదు. యర్రమ్మ మాత్రం, "మోసగాడా, రైలు కూడా ఎక్కలేదేట్రా" అని రాయిని నాలుగు తిట్లు తిట్టి, దాని మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు.

కనక ఒడిలో కాయలు విప్పింది. చింతపండు పులుపు వాసన రాళ్ల చుట్టూ తిరిగింది. ఒక్కో కాయ చిట్లించి, పిక్క తీసి, బట్టకు తుడిచి, ఇంటింటి పెద్ద చేతిలో పెట్టింది.

"ఇదిగో మీ మాట. ఆడు తేలేకపోనాడు. నాను తెచ్చినాను."

తీసుకున్నవాళ్లు అరచేతిలో పిక్కను చూస్తూ నిలబడ్డారు. కొందరు తాతల పేర్లు గొణుక్కున్నారు. మంచు పలచబడి, కొత్త రాయి మీదికి కాస్త ఎండ వచ్చింది.

పోలయ్య కొత్త బుర్ర తెచ్చాడు. "ఇంక పంపాలి. సందేళ వరకే గడువు. ఎవుర్ని పంపుదాం?"

 యర్రమ్మ తన పిక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలినట్టు చేసి, తీసి, తిన్నగా వచ్చి కనక ముందు పెట్టేసింది.

"ఎల్లినోళ్లు శానామంది. ఎల్లి తిరిగొచ్చింది ఇదొక్కర్తే."

ఒకరి వెనక ఒకరు వచ్చారు. కనక ముందు పిక్కల కుప్ప పడింది. పోలయ్య వాటిని బుర్రలోకి ఎత్తబోతే కనక అతని మణికట్టు పట్టుకుంది.

"నానెల్తాను. అప్పన్న సావుకారు నన్ను సూసి నవ్వినా ఎల్తాను. ఊట కింద మళ్లు ఎవురివో నాకన్నా ఎవురికి తెలుసు? కానీ పిక్కలు పట్టుకెల్లను."

"అదేటి? మాట లేకుండా ఎలా ఎల్తావు?"

"మీ మాటంతా నాకాడుంటే, నన్నక్కడ గోడ కాడ కూకోబెట్టేస్తే ఊరు మల్లీ మూగదైపోతాది. ఎవురి పిక్క ఆల్లకాడే ఉంచండి. నానేటైనా తప్పు సెప్తే నా మొకాన్నే ఉమ్ముదురు. సందేళకి రాకపోతే ఇంకో మనిసిని పంపండి. నాకోసం ఖాళీ ఉంచకండి."

"మరి బుర్రలో ఏటి పట్టుకెల్తావు?" అంది యర్రమ్మ.

"అంబలి," అంది కనక.

బంగళాలో ఆఫీసరు మఫ్లరు సర్దుకుని, "ఆడమనిషా?" అన్నాడు. పోలయ్య, "కూడదని ఎక్కడైనా రాసుందేటి, బాబూ?" అన్నాడు. లేదట. అప్పన్న గొడుగు ఒకసారి తెరిచి మూశాడు. కనకను వెనక గోడ దగ్గర కూర్చోమన్నారు, పిలుస్తామని. ఆమె కూర్చోలేదు. బల్ల ఎదురుగా, మెట్టు మీద, నిలబడే ఉంది. బంట్రోతు కేక వేయడానికి చేయి ఎత్తేలోపే, "ఇక్కడే ఉన్నాను" అంది. వేలిముద్ర వేయించుకుని పంపేశారు.

తిరిగి ఎక్కేసరికి పొద్దు వాలిపోయింది. మలుపు మలుపుకూ మళ్లీ మంచు. పోలయ్య దగ్గు ఒక్కవైపు నుంచే వినబడుతోంది. ఊరు దగ్గరపడినా ఊరి చప్పుడు లేదు. రోకలి పోటు లేదు, పిల్లల అరుపు లేదు, ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు. కుక్క ఎదురొచ్చి, తోక ఊపి, అరవకుండా వెనక్కి నడిచింది.

"ఒదినా," అన్నాడు పోలయ్య చిన్నగా, "ఊరికి ఏటయినాది?"

కనక కర్ర గట్టిగా పట్టుకుని నడిచింది. మంచులో పెద్దల రాళ్లు కనబడ్డాయి. రాళ్ల మీద మనుషులు. ఆడా మగా, ఊరంతా. గుండ్రంగా కూర్చుని, కదలకుండా, మాట్లాడకుండా, దారి వైపే చూస్తున్నారు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఎవరు బతికున్నవాళ్లో, ఎవరి రాయి మీద ఎవరున్నారో తెలియడం లేదు. కొత్త రాయి మీద ఎవరూ కూర్చోలేదు. దాని ముందు దొప్పలో కల్లు లేదు. ఎవరు తాగారో ఏమో.

కనక కాళ్లు ఆగిపోయాయి. అప్పుడు చూసింది. ఒక్కొక్కరి బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది. ఇంటింటి పెద్దా ఎవరి పిక్క వాళ్లు నోట్లో పెట్టుకుని, ఎక్కడ జారిపోతుందోనని పెదాలు బిగించుకుని ఆమె వచ్చేదాకా కాపలా కాస్తున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లు కూడా నోరు మెదపలేదు.

"వచ్చినాను," అంది కనక. "రాసుకున్నారు."

రాళ్ల చుట్టూ ఒక ఊపిరి తిరిగింది. యర్రమ్మ అందరికన్నా ముందు పిక్కను అరచేతిలోకి ఉమ్మి, దవడ రుద్దుకుంది.

"ఇంతసేపా, గుంటా? సందేళన్నావు. బేగి సెప్పు, అక్కడేటి జరిగిందో. పొద్దున్నుంచి ఊరంతా మాటలు నోట్లో పెట్టుకుని కూకున్నాం."